సముద్రతీరపు చుట్టరికము

వేసవి సెలవులు సమీపించుచున్నవన్న మాట చెవిని బడగానే మన యిండ్లలో నొక విచిత్రమైన లెక్క యారంభమగుచున్నది. పూర్వము ఈ లెక్క తాతగారి యూరు, అమ్మమ్మగారి యిల్లు, మామిడితోట, వీనితో ముగియుచుండెను. ఇప్పటి లెక్క వేఱు. చుట్టములలో విదేశములం దున్నవారెవరు? వారిలో సముద్రతీరమున నున్నవారెవరు? ఆ తీరమున నెండ చక్కగా కాయునా? వారి యింట పడకగదులెన్ని? ఈ ప్రశ్నలకు సదుత్తరము దొరకిన చుట్టము, అంతకుముందు పదియేండ్లు పేరైన తలపని చుట్టమైనను, ఆ రాత్రియే దగ్గఱి చుట్టమగును. వెంటనే ఫోను మ్రోగును. "ఏమ్మా, బాగున్నారా? మిమ్మల్ని చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది."

ప్రాణము కొట్టుకొనుచున్నది చుట్టముకొఱకా, సముద్రముకొఱకా యని నేనడుగుచున్నాను.

నేను ముఖ్యముగా చెప్పబోవునది మారిషసు ద్వీపమును గుఱించి. మడగాస్కరుకు తూర్పున హిందూమహాసముద్రమున నున్న యీ దేశము వైశాల్యము సుమారు 2,000 చదరపు కిలోమీటర్లు. చుట్టును పగడపు దిబ్బ గోడవలె నిలిచి పెద్ద కెరటములను దూరముననే విఱిచివేయుటచే లోపలి నీరు కొలనువలె నుండును. భారతీయులు ముందుగా వీసా తెచ్చుకొనవలసిన పని లేదు. అక్కడి నాణెమును రూపాయియే. ఊళ్ల గుళ్లలో రామభజనము వినబడును; ఉగాదికి ప్రభుత్వము సెలవిచ్చును. ఇన్ని సౌకర్యములుగల చోట నొక చుట్టముకూడ నున్నచో నింక కొఱత యేమున్నది!

కొఱత యేమున్నదో ఆ చుట్టము నడిగినవారు లేరు.

మొదట కాలమును చూడుడు. మనకు మే నెల బడులు మూసిన మాసము. భూమధ్యరేఖకు దక్షిణమున నున్న యా ద్వీపమునకు మే నెల శీతకాలపు వాకిలి. అక్కడి విద్యాసంవత్సరము జనవరిలో మొదలగును. పెద్ద సెలవులు సంవత్సరాంతమున వచ్చును. కావున మనము పెట్టెలు సర్దుకొని సంతోషముగా దిగుసరికి ఆ యింటి పిల్లలు పుస్తకముల సంచులతో బస్సుకై నిలిచియుందురు. ఇల్లాలు కచ్చేరికి పోవలెను. ఇంటి యజమాని హోటలులో వంతుపనికి పోవలెను. సందర్శకులు సెలవులో నున్న కాలమే ఆయనకు సెలవు దొరకని కాలము. ఇక గడియారము సంగతి. వారి కాలము మనకంటె గంటన్నర వెనుక. మన యతిథి తన యలవాటు చొప్పున ఆఱింటికి లేచి కాఫీ యనును. అప్పుడా యింటిలో నాలుగున్నర. వంటయింటి దీపము వెలిగించువారెవరో చదువరులలోని స్త్రీలకు నేను చెప్పనక్కఱలేదు.

ఈ మాట యన్నంతనే మనవారు ఉపనిషత్తును పైకి తీయుదురు. అతిథిని దేవునిగా నెంచుమని తైత్తిరీయము చెప్పలేదా? చెప్పినది. కాని యెవరితో చెప్పినది? చదువు ముగించి గృహస్థుడు కాబోవు శిష్యునితో గురువు చెప్పిన మాట యది. గృహస్థుని విధినిగా చెప్పిన వాక్యమును అతిథి తన హక్కుపత్రముగా మడిచి జేబులో పెట్టుకొనుట యే మీమాంసా న్యాయమో నాకు తెలియదు. మనుస్మృతిని సాక్షిగా పిలుచుట నాకంత యిష్టమైన పని కాదు. ఆ గ్రంథముతో మాబోటివారికి వేఱు తగవులు చాల గలవు. ఐనను దానిపై ప్రమాణముచేయువారు దాని మూడవ యధ్యాయమును తీసి చూతురు గాక. ఒక్క రాత్రి నిలుచువాడే యతిథి యని యందున్నది. తిథి నిలుకడ లేనివాడు గనుక ఆ పేరు. ఆ వెంటనే, ఒరుల వంటకై తిరుగు గృహస్థుడు మఱుజన్మమున అన్నము పెట్టినవాని పశువుగా పుట్టునని కూడ నున్నది. నేనెఱిగిన యొక కుటుంబమువారు ఆఱుగురు ఆ ద్వీపమున నొక యింట 18 దినములుండిరి. భారతయుద్ధమునకు పట్టినన్ని దినములు.

ఆ యిల్లు మా మేనకోడలిది. ఇక్కడనుండి నా స్వవిషయము కొంత చెప్పక తప్పదు. దాచిన నా వాదములో సగము బలము పోవును.

మా యక్కగారి కుమార్తె విశాఖపట్టణమున చదువుకొనుచుండగా మారిషసునుండి వచ్చి యక్కడ చదువుచున్న యొక తెలుగు యువకునితో పరిచయమయ్యెను. 2011లో పెండ్లి నిశ్చయమైనది. వరుడు బుద్ధిమంతుడు, తెలుగువాడు, మాటలో నించుక యాసయున్నను మా యింటి పిల్లలకంటె శ్రద్ధగా తెలుగు వ్రాయును. మావారందఱును అడిగిన ప్రశ్న ఒక్కటే, కులమేది యని. తన ముత్తాత విశాఖ జిల్లానుండి చెఱకుతోటలకు పోయినవాడని, ఆయన కాగితములో కులమన్న గడిలో నేదో వ్రాసియున్నదని, దాని యక్షరక్రమము తమ యింట నెవరికిని బోధపడలేదని ఆ పిల్లవాడు నవ్వుచు చెప్పెను. ఆ నవ్వు మావారికి నచ్చలేదు. పెండ్లికి మా వైపునుండి పోయినవారు పదునొకండుగురు. నేను పోలేదు. పరీక్షాపత్రములు దిద్దు పని యున్నదని చెప్పితిని. పని యున్నమాట నిజమే; రెండు దినములు సెలవు పెట్టిన నా ఉద్యోగమునకు వచ్చిన లోపము లేదన్నమాటయు నిజమే.

ఆ దంపతులు తరువాత ద్వీపమునకు పోయి, రాజధానియగు పోర్ట్ లూయీకి ఉత్తరమున సముద్రమునకు పావుగంట నడక దూరమున నొక మేడ కట్టుకొనిరి. మేడ ఫొటో వచ్చినది. ఫొటోలో మేడ వెనుక నీలముగా సముద్రము. నాటితో మా చుట్టములకు కులమన్న గడి యెట్లు వ్రాసినను చదువ వీలగు నట్లయ్యెను! పెండ్లికి రానివారందఱును వంతులవారీగా ద్వీపమునకు పోయిరి. విమానపు టికెట్టుతో చుట్టరికము పునరుద్ధరింపబడుచుండెను.

2023 మే నెలలో నేనును నా భార్యయు ఆఱు దినములకై పోయితిమి. మేము వెళ్లునప్పటికి పైన చెప్పిన యాఱుగురును అక్కడ నుండిరి. మేనకోడలి యత్తగారు డెబ్బది యేండ్లకు చేరువైన మనిషి. ఆమె వేకువనే లేచి మావారికొఱకు వేఱు గిన్నెలలో వంట చేయుచుండెను. ఆ యింటివారు చేప తినువారు. ద్వీపమున నుండువారు చేప తినక యేమి తిందురు? మావారున్న 18 దినములును ఇంటిలోనికి చేప రాకూడదని యేర్పాటు. ఏర్పాటు చేసినవా రతిథులు. ఒకనాటి మధ్యాహ్నము మేనకోడలి మామగారు కనబడకున్న వెదుకబోయి, పొరుగున నున్న క్రియోలువారి యరుగుమీద కూర్చుండి చేపకూర తినుచుండగా చూచితిని. తన డబ్బుతో కొన్న చేపను తినుటకు ముసలాయన తన యిల్లు విడిచి పొరుగింటికి పోవలసి వచ్చెను. నన్ను చూచి ఆయనయే సిగ్గుపడెను. చేప మానుమని నేనడుగలేదు, తెమ్మనియు నేనడుగలేదు.

ఆ రాత్రి భోజనముల వేళ మా బంధువులలో పెద్దాయన యొకరు, విస్తరి లేదని చిన్నబుచ్చుకొని పళ్లెములో తినుచునే, ఆ ముసలాయన వంక తిరిగి తీయగా నడిగిరి: "ఇంతకీ మీరేవిట్లండీ?"

పండ్రెండేండ్ల క్రిందట అడిగి తృప్తిపడని ప్రశ్న, ఆయన యింట, ఆయన భార్య వండిన యన్నము నోట నుండగా, మరల!

ముసలాయన లేచి బీరువా తెఱచి యొక కాగితము తెచ్చి ముందు పెట్టెను. అది ఆయన తాతగారి నమోదుపత్రమునకు నకలు. ఆ ద్వీపమున మోకా యను చోట 1970లో స్థాపించిన మహాత్మాగాంధీ సంస్థ గలదు. వలసవచ్చిన కూలీల దస్తరములు అందు భద్రముగా నున్నవి, సంతతివారడిగిన నకలిత్తురు. కాగితమునకు పైన నొక సంఖ్య. దాని క్రింద పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, ఓడ, ఊరు, కులము. ప్రక్కన నొక ఫొటో. చొక్కా లేని పడుచువాడు, కన్నులు పెద్దవి చేసి, ఎదుటనున్న పెట్టె యేమిటో తెలియనివానివలె చూచుచున్నాడు.

ఈ కాగితమును గుఱించి కొంత చెప్పవలసియున్నది. మారిషసున బానిసత్వము 1835లో రద్దయ్యెను. రద్దు కాబోవుచున్నదని తెలిసినంతనే చెఱకుతోటల దొరలు వేఱు చేతులను వెదకికొనిరి. 1834 నవంబరు 2వ తేదీన కలకత్తానుండి అట్లాసు అను నోడ మొదటి గుంపును దింపెను. అది మొదలు ఇరువదవ శతాబ్దపు తొలిదశలవఱకు ఇంచుమించు ఐదు లక్షలమంది భారతీయులు పోర్ట్ లూయీ రేవులోని ఱాతిమెట్లు ఎక్కిరి. వారిలో గంజాము, విశాఖ, గోదావరి మండలములవారు వేలకొలది గలరు. ఐదేండ్ల యొడంబడిక, మగవానికి నెలకు ఐదు రూపాయల కూలి, ఒక దినము పనికి రానిచో రెండు దినముల కూలి కోత. ఒడంబడిక తీరినవాడును స్వేచ్ఛగా తిరుగుటకు వీలులేదు. 1867 నాటి చట్టము ప్రకారము వాడు తన ఫొటోగల చీటిని వెంట నుంచుకొనవలెను. లేనివానిని తిరుగుబోతని పట్టి చెఱలో వేయుచుండిరి. 1901లో గాంధీగారు దక్షిణాఫ్రికానుండి తిరిగి వచ్చుచు కొన్ని వారములీ ద్వీపమున ఆగి, పిల్లలను చదివించుకొనుడని ఈ కూలీల సంతతికి చెప్పెను. వారు చదివించుకొనిరి. 1968 మార్చి 12న దేశము స్వతంత్రమైనది. ఆ ఱాతిమెట్లున్న చోటికే నేడు ఆప్రవాసీ ఘాట్ అని పేరు. 2006లో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా యునెస్కో గుర్తించెను.

ఇక భాష. ఇంట నిత్యము క్రియోలు, బడిలో నింగ్లీషు, ఫ్రెంచి. వీని నడుమ తెలుగు నిలుచుట యెంత కష్టమో మీరే యూహింపుడు. ఐనను సింహాద్రి యప్పన్న పూజ విడువలేదు. అమ్మోరు పండుగ విడువలేదు. ప్రభుత్వపు ప్రాథమిక పాఠశాలలలో కోరినవారికి తెలుగు చెప్పించుకొనుచున్నారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది ఆ ద్వీపముననే. హైదరాబాదులో తెలుగు రాని మనుమలనుగూర్చి గర్వముగా చెప్పుకొను మన తాతలు ఇచట నొక నిమిషమాగి ఆలోచింతురు గాక.

ఆ కాగితమున కులపు గడిని నింపినవాడు రేవులోని గుమాస్తా. వాని కది సరకుమీద వేయు గుర్తు. నూఱేండ్లకు పైగా గడచిన పిమ్మట అదే ప్రశ్నను ప్రేమతో నడిగినవాడు అదే యింటి యన్నము తినుచున్న చుట్టము. ఇద్దఱిలో గుమాస్తాయే మేలు. వానికి జీతమైన ముట్టుచుండెను. మా పెద్దాయన కాగితమును కండ్లజోడు లేకుండనే దూరముగా పట్టి చూచి, "ఊఁ, ఊఁ" అని తిరిగి యిచ్చివేసి, పగడపు దిబ్బలు చూచుటకు గాజు అడుగుగల పడవ యేతీరమున దొరకునని యడిగిరి. 18 దినములలో ఆయన ఆప్రవాసీ ఘాట్‌కు పోలేదు. మేనకోడలు రెండుమాఱులు చెప్పినది. అక్కడ స్నానమునకు వీలున్నదా యని అడిగిరట.

"ఇదంతయు నెందుకయ్యా? సముద్రము దాటినవానికి ప్రాయశ్చిత్తమన్న రోజులలో దాటవచ్చునని పోరాడినవారు మీ సంస్కర్తలే గదా! ఇప్పుడు చుట్టములు రాకపోకలు చేసికొన్న మీకే కంటగింపా?" అని యొకరు నన్నడిగిరి. మంచి ప్రశ్నయే. సముద్రయానమును పాతకములలో చేర్చినది బౌధాయన ధర్మసూత్రము. ఆ మాటను పట్టుకొని, ఓడ యెక్కినవానిని మన పెద్దలు పంక్తిలోనుండి లేపిరి. చెఱకు నఱుకుటకు పోయిన కూలి యట్లు కులము పోగొట్టుకొనెను, ఊరును పోగొట్టుకొనెను, పేరు సగము పోగొట్టుకొనెను. ఆ పోగొట్టుకొనుటలోనుండి యొక దేశమును కట్టుకొనెను. మనమో, విమానములో పోవుచున్నాము. ఆ విమానాశ్రయమున వ్యవసాయశాఖవారు పెట్టెలు తెఱపించి, అనుమతి లేని మొక్కలను, పండ్లను తీసివేయుదురు. కులమును తెఱచి చూచు నధికారి లేడు గనుక అది చెక్కుచెదరక ఆవకాయ ప్రక్కన దిగుమతియగుచున్నది. సంస్కర్తలు కోరినది సముద్రము దాటుట. వీరు దాటుచున్నది నీరు మాత్రమే.

రాకపోకలన్న మాటయు వచ్చినది గదా. రాకలను గుఱించి చెప్పితిని, ఇక పోకలు. చుట్టరికమునకు రెండు కాళ్లుండవలెను. 2017 డిసెంబరులో, అనగా వారి పెద్ద సెలవులలో, మేనకోడలి యత్తమామలు విశాఖకు వచ్చిరి. తాతగారి కాగితములోని యూరెక్కడనో చూచుట, సింహాచలమునకు పోవుట, ఈ రెండే వారి కోరికలు. అప్పటికే వారింట వారములకొలది యుండి వచ్చిన మా కుటుంబములు విశాఖలోనే మూడు గలవు. ఒకరింట సున్నములు వేయించుచుండిరి. ఒకరి కుమారునకు పరీక్షలు. మూడవవారు మంచి హోటలు పేరు చెప్పిరి. నేను భోజనమునకు పిలిచితిని, పడుక చోటీయలేదు. మా ముందఱి గది ఖాళీగానే యుండెను. మా తల్లిగారి మడికి ఇబ్బందియని నాలో నేననుకొంటిని. తల్లిగారి నడిగితినా యన్న అడుగలేదు. తల్లుల మడి మనబోటి సంస్కర్తలకు ఎన్నివిధముల నుపయోగపడుచున్నదో యొక గ్రంథము వ్రాయవచ్చును. ఆ దంపతులు లాడ్జిలో నాలుగు రాత్రులుండి, ఒక కారు కుదుర్చుకొని యూరు వెదకికొని, ఆ యూరి చెఱువు మట్టిని చేతిరుమాలులో మూటగట్టుకొని పోయిరి. దేశములోనికి మట్టిని రానీయరని యెవరో చెప్పగా విమానాశ్రయమున దానిని చెట్టుమొదట పోసిరట. ఈ సంగతి నాకు చెప్పినది వారు కాదు. మేనకోడలు, ఆఱేండ్లకు, నేను వారింట కాఫీ త్రాగుచుండగా.

2020 జూలైలో వకాషియో అను నోడ ఆ ద్వీపపు ఆగ్నేయతీరమున పగడపు దిబ్బకు తగులుకొనెను. ఆగస్టు మొదటి వారమున చమురు సముద్రములోనికి కాఱసాగెను. ద్వీపవాసులు చెఱకు ఆకును గుడ్డసంచులలో కుట్టి తెట్టె యడ్డుకొనుటకు నీటిపై త్రాళ్లుగా వేసిరి. మేనకోడలి యింటివారును ఆ సంచులు కుట్టిరి. అప్పుడు మా చుట్టములలో ఫోను చేసినవారు ఒకరు. వారు అడిగినది, విమానములు మరల తిరుగునప్పటికి తీరము బాగుపడునా యని.

కావున నేను కోరునది పెద్ద త్యాగమేమియు కాదు. సముద్రము చూడవలెనన్నచో చూడుడు. దానికి చుట్టమక్కఱలేదు. మారిషసున వేలాయొడ్డునుండి 81 మీటర్లకు పైచిల్లర లోనికి గల నేల ఫ్రెంచివారినాటినుండి ప్రభుత్వపు సొత్తు. కొంత భాగము కౌలున హోటళ్లకును విడిది యిండ్లకును ఈయబడినను, ఇసుక తీరము అందఱిది. ఆదివారమునాడు కూలినాలి కుటుంబములు వ్యానులలో గిన్నెలతో వచ్చి సరుగుడు చెట్ల నీడను చాపలు పఱచుకొందురు. మన భీమిలియొడ్డున నున్న సరుగుడు చెట్లే. అద్దెకు చిన్న విడిది తీసికొని, మీ కాఫీ మీరు కాచుకొని, ఆదివారము చుట్టములను మీ చాపమీదికి భోజనమునకు పిలువుడు. వారికి సెలవున్న కాలమేదో ముందుగా నడుగుడు; మీకున్న సెలవు చెప్పుట అడుగుట కాదు. వారు పెట్టినది తినుడు. తినలేనిచో మీ పళ్లెములోని దాని మాట చెప్పుకొనుడు, వారి పళ్లెములోని దాని మాట వలదు. ఆ యింటి ముసలమ్మను ఒక్క పూటయైన కూర్చుండబెట్టి మీ యాడువారు, వీలైన మగవారు, వండి వడ్డింపుడు. నా భార్య యొకనాడట్లు చేయబోగా ఆ ముసలామె తన చేతులేమి చేసికొనవలెనో తెలియక చాలసేపు కొంగు మడుచుచు విప్పుచు కూర్చుండెను.

ఆ దంపతులు ఈ డిసెంబరులో మరల వచ్చుచున్నారు. ఈసారి వెంట మనుమలు గూడ. లాడ్జి చూడుమని మేనకోడలు నాకు వ్రాసినది, చూడనని వ్రాసితిని. ముందఱి గదిలోని పాత పుస్తకములను అటకమీదికి చేర్పించితిని. మా తల్లిగారి మడిబట్టల దండెము మాత్రమింకను ఆ గదిలోనే యున్నది. ఈసారి ఆమెనే యడిగితిని. రెండు దినములు మాటాడక, మూడవనాడు, "వాళ్లు పొద్దున్నే ఏం తాగుతారు, టీయా కాఫీయా?" అని యడిగినది. దండెము సంగతి చెప్పలేదు.